ఆవులకు పిడుదులు మళ్లీ మళ్లీ ఎందుకు వస్తున్నాయి?

ప్రశ్న: చిత్తూరు పక్క పల్లె మాది. రెండు జెర్సీ ఆవులు, ఒక కుక్క. డెల్టామెత్రిన్ కొట్టినా మళ్లీ చెవుల్లో, పొదుగు సందుల్లో పిడుదులు. మందు మార్చాలా?

జవాబు 1: ముందు కొట్టం గోడలు చూడండన్నా. రక్తం తాగి చిక్కుడుగింజంత ఉబ్బిన ఆడపిడుదు రాలిపడి, పగుళ్లలో 2–3 వేల గుడ్లు పెడుతుంది. ఆవు మీద కొట్టిన మందు వాటిని తాకదు. పగుళ్లు సిమెంటుతో పూడ్చి సున్నం వేయండి. పేడదిబ్బ, గడ్డివామి కొట్టానికి ఆనించి ఉంచొద్దు. గోడలకూ మందు పట్టించండి, మోతాదు లేబుల్ మీద ఉన్నంతే.

జవాబు 2: 1.25 శాతం డెల్టామెత్రిన్ అయితే లీటరు నీళ్లకు 2 మిల్లీలీటర్లు. పైపైన చిలకరిస్తే లాభం లేదు. గంగడోలు, తోక కింద, తొడల మధ్య బాగా తడవాలి. ముందు కడుపు నిండా నీళ్లు తాపండి, లేకుంటే దప్పికతో మందు తడిసిన ఒళ్లు నాకుతాయి. కొత్తగా పొదిగిన పిల్లల కోసం 2–3 వారాలకు మళ్లీ కొట్టాలి. అప్పటికీ చావకుంటే మందుకు అలవాటుపడినట్టే, డాక్టరునడిగి అమిట్రాజ్ అనే వేరే పిడుదుల మందుకు మారండి.

జవాబు 3: కుక్కనూ అదే రోజు చూడండి, దాని పిడుదులు ఇంటి గోడలే ఎక్కుతాయి. చేత్తో నలపొద్దు. పట్టకారుతో చర్మం దగ్గర పట్టి నిటారుగా లాగండి. ఆవుకు జ్వరం, ఎర్రటి మూత్రం కనిపిస్తే ఆ రోజే పశువైద్యుణ్ని పిలవండి.