చెక్కడపు చిత్రంలో ఉన్నది త్యురెనా, ఆయన అన్నగారా?

పెద్దలకు నమస్కారం. పాత పుస్తకాల దుకాణంలో నాకు 17వ శతాబ్దపు ఫ్రెంచి శైలిలో ఉన్న రాగిరేకు అచ్చుచిత్రం ఒకటి దొరికింది. అండాకారపు చట్రంలో కవచం తొడుక్కున్న ఒక ప్రభువు, కింద వంశచిహ్నమున్న డాలు ఉన్నాయి. పేరు ఉండవలసిన అంచును ఎవరో కత్తిరించేశారు. నాకు బాధ కలిగించేది అదే.

డాలు మొదటి గడిలో అడ్డగీతలు నిండి ఉన్నాయి. ఆ కాలపు చెక్కడాల్లో అడ్డగీతలు నీలాన్ని, నిలువుగీతలు ఎరుపును, చుక్కలు బంగారాన్ని సూచిస్తాయి. ఖాళీ తెలుపు వెండికి గుర్తు. ఇక్కడ నీలం మీద తెల్లటి బురుజు, చుట్టూ చిన్న లిల్లీ పువ్వులు ఉన్నాయి కాబట్టి ఇది లా తూర్ దోవెర్న్య్ అనే ఫ్రెంచి ప్రభువంశమని అనుకుంటున్నాను. అయితే ఆ వంశంలో సేనాని త్యురెన్ (1611–1675), ఆయన అన్న బుయోన్ డ్యూక్ ఇద్దరూ యోధులే. త్యురెన్ 1643లో మార్షల్ అయ్యారు గనుక డాలు వెనుక ఆ పదవికి గుర్తుగా రెండు అధికారదండాలు ఉండవచ్చు, కానీ ఆ భాగమూ కత్తెరకే పోయింది.

చెంపపై గీతలు చిన్నచిన్న చుక్కలుగా కరిగిపోయే తీరు చూస్తే ఫ్రెంచి చెక్కడపు కళాకారుడు రొబేర్ నాంతోయ్ (1678లో మరణించారు) పనితనం గుర్తుకు వస్తోంది. మెడపట్టీ, జుట్టు తీరును బట్టి అన్నదమ్ములను వేరుచేయవచ్చా? నీడల్లో గీతలు పలచబడ్డాయంటే, అరిగిన రేకు నుంచి తరువాత తీసిన ప్రతి అనుకోవాలా? అనుభవమున్నవారు దయచేసి చెప్పగలరు.