ఆరు వేల ఈమెయిల్ చిరునామాలు ఉన్నా అమ్మకాలు లేవు: లోపం ఎక్కడ?

రంగులపెట్టె (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను నీటిరంగుల చిత్రలేఖనం నేర్పే వీడియో పాఠాలను సొంత వెబ్‌సైట్ ద్వారా అమ్ముతున్నాను. రెండేళ్లుగా ఈమెయిల్ లిస్టు పెంచుకుంటూ వచ్చాను. ఇప్పుడు అందులో 6,200 చిరునామాలు ఉన్నాయి. వాటిలో సుమారు 4,000 గత ఏడాది నేను నిర్వహించిన బహుమతి పోటీ ద్వారా వచ్చినవి. ఈమెయిల్ ఇచ్చినవారిలో ఒకరికి డ్రా తీసి టాబ్లెట్ ఇస్తానని ప్రకటించగానే పది రోజుల్లో లిస్టు దాదాపు మూడింతలైంది.

నేను పంపే ఈమెయిళ్లను 34 శాతం మంది తెరుస్తున్నారని డాష్‌బోర్డు చూపిస్తోంది. అయినా గత నెల కొత్త కోర్సు విడుదల చేసి, వారంలో ఐదు ఈమెయిళ్లు పంపితే కొన్నవారు 11 మంది మాత్రమే. ఈమెయిళ్లు పంపే సర్వీసు రుసుము చిరునామాల సంఖ్యను బట్టి పెరుగుతుంది కాబట్టి ఖర్చు బాగా పెరిగింది, రాబడి మాత్రం పోటీకి ముందు ఎంత ఉండేదో అంతే ఉంది. కోర్సుల విడుదలకు మధ్య రెండు మూడు నెలలు నేను ఏమీ పంపను. ఊరికే రాస్తే విసుగు పుడుతుందేమోనని నా భయం.

ఇంతలో ఒకరు, చిత్రకళపై ఆసక్తి ఉన్నవారివని చెబుతూ 50,000 చిరునామాలు అమ్ముతామని ముందుకొచ్చారు. ఆ లిస్టు కొనడం మంచిదేనా? లేక ఉన్న లిస్టునే లాభదాయకంగా మార్చుకునే దారి ఉందా? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

నిదానం:

కొనవద్దు. ఆ 50,000 మందిలో ఒక్కరు కూడా మీ ఉత్తరం కావాలని అడగలేదు. అటువంటి లిస్టుల్లో వాడుకలో లేని చిరునామాలతో పాటు, అనుమతి లేకుండా పంపేవారిని పట్టుకోవడానికే ఉంచిన స్పామ్ ట్రాప్ చిరునామాలు కూడా ఉంటాయి. ఒకసారి వాటికి పంపితే మీ వెబ్‌సైట్ పేరైన డొమైన్‌పై మెయిల్ సంస్థలకు నమ్మకం తగ్గి, ఇష్టపడి చేరిన పాఠకులకు పంపే ఉత్తరాలు కూడా స్పామ్ ఫోల్డర్‌లో పడతాయి. పేరున్న ఈమెయిల్ సర్వీసులు కొన్న లిస్టులను తమ నిబంధనల్లోనే నిషేధిస్తాయి. యూరప్‌లో 2018 మే నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ అనే వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం, సమ్మతి తీసుకున్నట్టు చూపవలసిన బాధ్యత పంపేవారిదే; అమ్మిన వ్యక్తి మాట అక్కడ రుజువుగా నిలవదు.

ఇక మీ పోటీ సంగతి. టాబ్లెట్ కోసం చిరునామా ఇచ్చిన మనిషికి కావలసింది టాబ్లెట్. మీ విషయంతో ఏ సంబంధమూ లేనివారు కూడా కోరుకునే వస్తువును ఎర వేస్తే లిస్టు అటువంటివారితోనే నిండుతుంది. ఉచితంగా ఇచ్చేది మీరు అమ్మే పాఠానికి తొలి మెట్టు కావాలి. ఉదాహరణకు, నీటిరంగు ఎండిన తరువాత ఎందుకు లేతబడుతుంది, సగం ఆరిన రంగు మీదికి ఎక్కువ నీరు చేరితే అంచుల్లో పువ్వుల్లాంటి మరకలు ఎందుకు ఏర్పడతాయి అని రెండు పేజీల్లో బొమ్మలతో వివరించి ఇవ్వండి. ఆ మరకలతో విసిగి సమాధానం వెదుకుతున్నవారు తప్ప ఇతరులు దాని కోసం ఈమెయిల్ ఇవ్వరు. సంఖ్య నెమ్మదిగా పెరుగుతుంది, కానీ చేరే ప్రతి ఒక్కరికీ కుంచె పట్టే అలవాటు ఉంటుంది.

ఆ 34 శాతాన్ని నమ్ముకోకండి. యాపిల్ సంస్థ 2021 సెప్టెంబరులో ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 15తో పాటు తెచ్చిన మెయిల్ గోప్యతా సదుపాయం, పాఠకుడు ఉత్తరం తెరిచినా తెరవకపోయినా అందులోని చిత్రాలను తన సర్వర్ల ద్వారా ముందే తెచ్చి పెడుతుంది. కంటికి కనిపించని చిన్న చిత్రం లోడ్ కావడాన్నే సర్వీసులు 'తెరవడం'గా లెక్కిస్తాయి కాబట్టి, అసలు చదవనివారు కూడా చదివినట్టే నమోదవుతారు. క్లిక్కులు, జవాబులు, కొనుగోళ్లు, ఈ మూడింటినే లెక్కలోకి తీసుకోండి.

ఒక పని వెంటనే చేసి ఫలితం ఇక్కడ రాయండి. ఆ 11 మంది కొనుగోలుదారులు లిస్టులోకి ఏ దారిన వచ్చారో విడదీసి చూడండి.

తపాలాబండి:

సాంకేతిక విషయం కొంత జోడిస్తాను. రోజుకు 5,000 మించి జీమెయిల్ చిరునామాలకు పంపేవారు ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ (ఉత్తరం నిజంగా ఆ డొమైన్ నుంచే వచ్చిందని నిర్ధారించే ఏర్పాట్లు) మూడూ అమర్చుకోవాలని, ఒకే క్లిక్కుతో అన్‌సబ్‌స్క్రైబ్ చేసే వీలు కల్పించాలని గూగుల్ 2024 ఫిబ్రవరి నుంచి నిబంధన పెట్టింది; అప్పటి నుంచే యాహూ కూడా ఇటువంటి నిబంధనలు అమలు చేస్తోంది. మీ లిస్టులో జీమెయిల్ వారే ఎక్కువైతే ఒక్క రోజు పంపకంతోనే ఆ హద్దు దాటవచ్చు. ఒక్కసారి దాటినా గూగుల్ మిమ్మల్ని శాశ్వతంగా పెద్ద పంపకందారుగానే చూస్తుంది. స్పామ్ ఫిర్యాదులు 0.1 శాతానికి లోపల ఉండాలి, 0.3 శాతాన్ని ఎప్పుడూ తాకకూడదు. అంటే వెయ్యిమందిలో ముగ్గురు స్పామ్ బటన్ నొక్కితే చాలు, మీరు ప్రమాదంలో పడ్డట్టే. గూగుల్ పోస్ట్‌మాస్టర్ టూల్స్‌లో మీ డొమైన్‌ను నమోదు చేసుకుంటే ఈ శాతాన్ని మీరే చూసుకోవచ్చు.

అన్‌సబ్‌స్క్రైబ్ లింకును చిన్న అక్షరాల్లో దాచకండి. వెళ్లిపోవడానికి దారి దొరకని పాఠకుడు నొక్కేది స్పామ్ బటన్‌నే.

రంగులపెట్టె:

ఇద్దరికీ కృతజ్ఞతలు. లెక్క తీశాను, చూసి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. 11 మందిలో 9 మంది నా వ్యాసాల చివర ఉన్న ఫారం ద్వారా వచ్చినవారు. ఆ దారిన చేరినవారు మొత్తం 1,300. పోటీ ద్వారా వచ్చిన 4,000 మందిలో కొన్నది ఒక్కరు. మిగిలిన ఒకరు గతంలో నా ప్రాథమిక కోర్సు కొన్నవారు. అటువంటి పాత విద్యార్థులు లిస్టులో 340 మంది ఉన్నారు.

పోటీ చిరునామాలను తొలగించాలని బుద్ధికి తెలుస్తున్నా మనసు ఒప్పుకోవడం లేదు. అంతమందిని చేర్చుకోవడానికి చాలా కష్టపడ్డాను. వారిని ఉంచుకునే మార్గం ఏదైనా ఉందా?

రాతబల్ల:

మీ బాధ అర్థమవుతోంది. నేను కూడా ఒకప్పుడు ఇలాగే లిస్టులో సగాన్ని వదులుకున్నాను. ఎవరినీ అడగకుండా తీసివేయనవసరం లేదు. గత ఆరు నెలల్లో ఏదో ఒక లింకు నొక్కినవారిని, జవాబు రాసినవారిని పక్కన ఉంచండి. మిగిలినవారికి వారం ఎడంతో రెండు ఉత్తరాలు పంపండి. పోటీ సందర్భంగా చేరారని గుర్తుచేసి, ఇకపై మీరు ఏ విషయాలపై, ఎన్ని రోజులకొకసారి రాస్తారో చెప్పి, ‘నాకు ఈ పాఠాలు కావాలి’ అనే ఒకే ఒక బటన్ పెట్టండి. రెండో ఉత్తరం తరువాత రెండు వారాలు చూసి, నొక్కనివారికి పంపడం మానేయండి. ఆ చిరునామాలను ‘పంపకూడనివి’ అనే జాబితాలో ఉంచండి, లేకపోతే ఎప్పుడో పాత ఫైలు ఎక్కించినప్పుడు అవే తిరిగి వచ్చి చేరతాయి.

అయితే మీ లెక్కలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఆ 4,000 కాదు, 340. డబ్బు పెట్టి మీ దగ్గర నేర్చుకున్నవారిలో ఒక్కరే మళ్లీ కొనడం సహజంగా కనిపించడం లేదు. కొత్తవారికి పంపిన ఐదు ఉత్తరాలనే వారికి కూడా పంపారని ఊహిస్తున్నాను. కుంచె ఎలా పట్టుకోవాలో మీ దగ్గరే నేర్చుకున్న మనిషికి నీటిరంగుల గొప్పతనాన్ని మొదటి నుంచి వివరిస్తే, ఈ కోర్సు తన కోసం కాదని పక్కన పెట్టేస్తాడు. వారికి విడిగా ట్యాగ్ పెట్టి, ‘ప్రాథమిక కోర్సులో మీరు ఇక్కడిదాకా వచ్చారు, దీని తరువాతి అడుగు ఇది’ అని రాయండి. నా దృష్టిలో మీ లిస్టులో అన్నిటికంటే విలువైన భాగం ఇదే. వారం తిరగకముందే ఆ ఉత్తరం రాయండి.

మరొకటి, ఆ మౌనం. మూడు నెలలు పలకరించకుండా ఉండి, ఒక్కసారిగా వారంలో ఐదు అమ్మకపు ఉత్తరాలు పంపితే, చేరిన సంగతే మరిచిపోయినవారు స్పామ్ బటన్ నొక్కుతారు. విసుగు పుట్టించేది తరచుదనం కాదు, పనికిరానితనం. పది రోజులకొకసారి, ఒక్క చిక్కును తీసుకుని విప్పి చూపే ఉత్తరం రాయండి. కొత్తగా చేరినవారికి మాత్రం చేరిన నిమిషాల్లోనే మొదటి ఉత్తరం అందేలా ఆటోమేషన్ అమర్చండి. ఉచిత పాఠంతో పాటు అందులో ఒక్క ప్రశ్న అడగండి: ‘బొమ్మ వేసేటప్పుడు మిమ్మల్ని ఎక్కువగా ఇబ్బంది పెడుతున్నది ఏమిటి?’ వచ్చే జవాబులను వారి మాటల్లోనే దాచుకోండి. తరువాతి ఉత్తరాల శీర్షికలే కాక, తరువాతి కోర్సు కూడా అందులో నుంచే పుడుతుంది.

నిదానం:

రాతబల్ల గారు పాత విద్యార్థుల గురించి చెప్పినదానితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. లెక్క చూడండి: ఫారం ద్వారా చేరిన ఒక్కో చిరునామా, పోటీ ద్వారా వచ్చినదానికంటే దాదాపు 28 రెట్లు ఎక్కువ అమ్మకం తెచ్చింది. కాబట్టి ఇకపై శ్రమ అంతా ఆ ఫారం చుట్టూనే పెట్టండి. అన్ని వ్యాసాల కింద ఒకే ఫారం కాకుండా, ఎక్కువమంది చదివే నాలుగైదు వ్యాసాలకు వాటి విషయానికి తగిన ఉచిత పాఠాన్ని జతచేయండి. ప్రకటనలకు ఖర్చు పెట్టే ఆలోచన ఉంటే, ఆ దారిన వచ్చిన సబ్‌స్క్రైబర్ల నుంచి మూడు నెలల్లో వచ్చిన రాబడిని వారి సంఖ్యతో భాగించండి. ఒక్కో చిరునామాకు అయ్యే ఖర్చు ఆ మొత్తం కంటే తక్కువగా ఉన్నంతవరకే కొనసాగించండి.

రంగులపెట్టె:

పాత విద్యార్థుల విషయంలో మీరు ఊహించినది నిజమే, అందరికీ ఒకే ఉత్తరాలు పంపాను. వారికి రాయవలసిన ఉత్తరం ఈ రాత్రే మొదలుపెడుతున్నాను. చివరగా ఒక సందేహం: అనుమతి అడిగే ఉత్తరాన్ని పోటీ చిరునామాలన్నిటికీ ఒకేసారి పంపవచ్చా?

తపాలాబండి:

వద్దు. ముందుగా బౌన్స్ అయిన (ఉత్తరం చేరక తిరిగొచ్చిన) చిరునామాలను తీసివేయండి. తరువాత రోజుకు 400 చొప్పున పంపుతూ, ఫిర్యాదుల శాతాన్ని రోజూ చూసుకోండి. అది 0.1 దాటిన రోజున అక్కడితో ఆపి, మిగిలినవారిని అడగకుండానే వదిలేయండి. పాత విద్యార్థులకు రాసే ఉత్తరాన్ని మాత్రం దీనికంటే ముందే, మీ డొమైన్‌కు మంచి పేరు ఉన్నప్పుడే పంపండి.