1888 నాటి కింబాల్ జీవితచరిత్ర: అట్ట ఊగుతోంది, బైండింగుకి ఇవ్వచ్చా?

పాతపుటలు:
మార్మన్ చర్చి తొలితరం నాయకుడు హీబర్ సి. కింబాల్ మీద ఆర్సన్ ఎఫ్. విట్నీ రాసిన జీవితచరిత్ర. శీర్షిక పుట మీద సాల్ట్‌లేక్ సిటీ, 1888 అని ఉంది. కాలికో నూలుబట్ట అట్ట. కుట్టు గట్టిగానే ఉంది గానీ ముందు అట్ట లోపల, మడత దగ్గర ఎండ్ పేపర్ (అట్టకి లోపల అంటించే కాగితం) చీలింది. ఇది మొదటి ముద్రణేనా? అమెరికాలోని యూటా నుంచి విశాఖ వెళ్తుంది. అక్కడ బైండరుకిచ్చి కొత్త అట్ట వేయిస్తే సరిపోదా?

తాళపత్రం:
కింబాల్ కుటుంబం ప్రచురణ, జువెనైల్ ఇన్‌స్ట్రక్టర్ ఆఫీసులో అచ్చు అని ఉంటే మొదటిదే. 520 పేజీలు ఉండాలి. 1945లో స్టీవెన్స్ అండ్ వాలిస్, 1967లో బుక్‌క్రాఫ్ట్ వాళ్ళు మళ్ళీ వేశారు. ఏడాది చూసి ఆగిపోకండి, మొదట్లో ఉండే బొమ్మ పుట, చివరి ఫారం (కలిపి మడిచి కుట్టిన పుటల కట్ట) ఉన్నాయా చూడండి. ఊడిపోయేవి అవే.

బైండరు మాట మర్చిపోండి. ముందు మూడు పక్కలా కోసేస్తాడు, అంచులు పోతాయి. ఆపైన మైలుతుత్తం కలిపిన మైదా బంక. పురుగు పట్టదు, నిజమే, కానీ అందులోని రాగి కాగితాన్ని పెళుసు చేస్తుంది. జమాఖర్చు పద్దుల పుస్తకాలకైతే సరే.

జిగురుసీసా:
కుట్టు బాగుంటే ఇది గంట పని. ఆమ్లం లేని పీవీఏ జిగురు (తెల్ల జిగురు), సన్నటి అల్లిక సూది తెచ్చుకోండి. పుస్తకాన్ని నిలబెట్టి అట్ట కొంచెమే తెరవండి. సూదికి పల్చగా జిగురు రాసి, పుటల కట్టకీ అట్ట బట్టకీ మధ్య విడిపోయిన సందులోకి దించి, తిప్పుతూ తీయండి. తర్వాత లోపల మైనం కాగితం పెట్టి మూసి, బయటి గాడిలో పొడి సూది ఆనించి, రాత్రంతా బరువు పెట్టండి. జిగురు ఎక్కువైతే వెన్ను లోపలికి కారి బట్ట పుటలకి అంటుకుంటుంది, ఇక పుస్తకం విచ్చుకోదు. అందరూ చేసే తప్పు ఇదే.

చీలిక మీద సెంటీమీటరు వెడల్పు జపాన్ టిష్యూ (పల్చటి, గట్టి పీచు కాగితం) గోధుమ గంజితో అంటించండి. కత్తెర వద్దు: తడి కుంచెతో గీత గీసి చింపితే అంచున నూగు వస్తుంది, అది కాగితంలో కలిసిపోతుంది. సెలోటేపు మాత్రం ససేమిరా వద్దు, ప్లాస్టిక్ రాలిపోయినా పసుపు మరక ఉండిపోతుంది.

గాలితేమ:
అతుకు కంటే ప్రయాణమే ప్రమాదం. పొడి ఊరినుంచి సముద్రపు గాలికి రాగానే అట్ట వంకరపోతుంది, ఎందుకంటే బయటి బట్టా లోపలి కాగితమూ ఒకేలా సాగవు. సీలు చేసిన సంచిలో తెచ్చి, గది వేడికి అలవాటు పడేదాకా ఒక రోజు విప్పకండి. గాలిలో తేమ 50 శాతం దాటకుండా, తేమ పీల్చే సిలికా జెల్ పెట్టండి. 65 దాటితే బూజు. రామబాణం పురుక్కి పాత బట్టలోని గంజి అంటే ప్రాణం, అది తిన్నచోట రంగు గీకినట్టు తెల్లబడుతుంది.

తాళపత్రం:
ఇంకొకటి. విట్నీ కింబాల్ కూతురి కొడుకు, కాబట్టి ఇది తాతగారి మీద భక్తితో రాసిన పుస్తకం. 1837లో ఇంగ్లండు మతప్రచారయాత్ర భాగాన్ని కింబాల్ పేరుతోనే 1882లో వచ్చిన జర్నల్ (డైరీ) పక్కన పెట్టుకుని చదవండి. చదవడానికి మాత్రం స్కాన్ కాపీ వాడండి, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితం. అసలుది 90 డిగ్రీలకి మించి తెరవద్దు, వేసిన అతుకు అక్కడే ఊడుతుంది.