మొదటిసారి ఇంజిన్ ఆయిల్ సొంతంగా మార్చబోతున్నా, ఆపేవాళ్లు ఆపండి

కొత్త పానా

పెట్రోల్ కారు. ఎనిమిదేళ్లు నిండాయి, వారంటీ ఎప్పుడో అయిపోయింది. ఇప్పటిదాకా నేను బానెట్ ఎత్తింది వైపర్ నీళ్లు పోయడానికే. ఈసారి ఇంజిన్ ఆయిల్, ఫిల్టరు నేనే మార్చుకుందామని మాన్యువల్ ముందేసుకుని కూర్చున్నా. నాలుగు రోజులుగా వీడియోలు చూస్తున్నా. చూస్తున్నంతసేపూ అరగంట పనిలాగే ఉంటుంది. నా స్నేహితుడు మాత్రం "ఎవరి పని వాళ్లు చెయ్యాలి, నీకెందుకురా" అంటున్నాడు.

అసలు ఈ ఆలోచన ఎందుకొచ్చిందంటే, పోయినసారి సర్వీసు చేసినచోట ఆయిల్ మార్చామని బిల్లులో రాశారు. రెండు రోజులకు డిప్‌స్టిక్ (ఆయిల్ ఎంతుందో చూసే పుల్ల) తీసి చూస్తే నల్లగా ఉంది. మార్చారా లేదా అన్న అనుమానం ఇంకా పోలేదు. సొంతంగా చేయొచ్చా, వద్దా? మొహమాటం లేకుండా చెప్పండి.

గ్యారేజీ మనిషి

ముందు ఆ నలుపు సంగతి. నల్లగా ఉందంటే మార్చలేదని కాదండీ. కింద ఆయిల్ వదిలే డ్రెయిన్ బోల్టు తీసి ఎంతసేపు వదిలినా పాత ఆయిల్ కొంత లోపలే మిగులుతుంది. కొత్త ఆయిల్లో ఉండే డిటర్జెంట్లు లోపలి మసిని కడిగి తమలో కలుపుకుంటాయి. డీజిల్ ఇంజిన్లో అయితే మొదటి రోజే నల్లబడుతుంది, అది మామూలే. పెట్రోల్ ఇంజిన్లో రెండు రోజులకే అంటే అడగాల్సిన విషయమే, కానీ రుజువు మాత్రం కాదు.

ఇక నా మాట: వద్దు. నా పొట్టకూడు ఇదే కాబట్టి స్వార్థం అనుకుంటే అనుకోండి. ఇంట్లో మొదటిసారి చేసి నా దగ్గరికి తోయించుకొచ్చే బళ్లు మూడు రకాలు. ఒకటి, డ్రెయిన్ బోల్టు మరీ బిగించి ఛాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) మర పోగొట్టినవి. చాలా బళ్లలో ఛాంబర్ అల్యూమినియం, బోల్టు ఉక్కు, ఏది ఓడిపోతుందో చెప్పక్కర్లేదు. రెండు, పాత ఫిల్టరు ఊడొచ్చినా దాని రబ్బరు రింగు ఇంజిన్‌కే అతుక్కుని ఉంటే, చూడకుండా దాని మీదే కొత్త ఫిల్టరు బిగించినవి. స్టార్ట్ చేయగానే రెండు రింగుల మధ్య నుంచి ఆయిల్ చిమ్ముతుంది. మూడోది అన్నిటికంటే ఘోరం. ఇంజిన్ బోల్టు అనుకుని గేర్‌బాక్స్ బోల్టు విప్పి అందులోని ఆయిల్ వదిలేస్తారు. పైన ఇంజిన్లో ఏమో కొత్త ఆయిల్ పోస్తారు. ఇంజిన్లో రెట్టింపు, గేర్‌బాక్సులో సున్నా.

సగం మెకానిక్

అన్నా, ఆ మూడూ నాకు గ్యారేజీలోనే జరిగాయి. సరే, మూడు కాదు, రెండు. గాలి గన్నుతో డ్రెయిన్ బోల్టు టరటరా బిగించేది ఇంట్లో పనిచేసుకునేవాడు కాదు, రోజుకు ఇరవై బళ్లు చూడాల్సిన కుర్రాడు. ఇంట్లో చేసేవాడికి భయం ఉంటుంది, ఆ భయమే వాడిని కాపాడుతుంది.

కొత్త పానా గారూ, చేయండి. పద్ధతి చెప్తా. ఇంజిన్‌ను అయిదు నిమిషాలు నడిపి ఆపండి. గోరువెచ్చని ఆయిల్ తేలిగ్గా కారుతుంది, దూరం తిరిగొచ్చి వెంటనే విప్పితే చెయ్యి కాలుతుంది. కింద పళ్లెం పెట్టే ముందే పైన ఆయిల్ మూత తిప్పి చూసుకోండి. బోల్టు తీశాక వాషరు పారేసి కొత్తది వేయండి. అది నలిగి అతుక్కోవడానికే చేసింది, ఒక్కసారికే. బిగింపు చాలా కార్లకు 25 నుంచి 40 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది, మీ బండికి ఎంతో మాన్యువల్లో చూసి టార్క్ రెంచితో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా) బిగించండి. కొత్త ఫిల్టరు రబ్బరుకు వేలితో కొత్త ఆయిల్ రాసి, చేత్తో తిప్పండి. రబ్బరు ఆనిన దగ్గర్నుంచి ఇంకో ముప్పావు చుట్టు. ఫిల్టరు రెంచి విప్పడానికే గానీ బిగించడానికి కాదు.

మూడో స్టాండు

మీరిద్దరూ ఆయిల్ గురించి కొట్టుకుంటున్నారు. ఆయిల్ దగ్గర తప్పు చేస్తే ఇంజిన్ పోతుంది. కారు ఎత్తే దగ్గర తప్పు చేస్తే మనిషే పోతాడు. సగం మెకానిక్ గారు అంత వివరంగా రాశారు, కారు ఎలా ఎత్తాలో ఒక్క ముక్క లేదు!

కారుతో పాటు ఇచ్చే జాకీ టైరు మార్చడానికే. దాని మీద నిలబెట్టిన కారు కింద తల కాదు గదా, చెయ్యి కూడా పెట్టకూడదు. మాన్యువల్లో చూపించిన చోట ఎత్తి, కారు బరువు మోసే రెండు స్టాండ్ల మీద దించాలి. నేల గట్టిగా, సమంగా ఉండాలి. మట్టి మీద, ఎండకు మెత్తబడిన తారు మీద స్టాండు కాళ్లు దిగబడతాయి. హ్యాండ్‌బ్రేక్ వేసి, వెనక చక్రాలకు అడ్డు పెట్టండి. కిందకు దూరే ముందు కారును పక్క నుంచి గట్టిగా ఓసారి ఊపి చూడండి. ఊగితే మీరు లేనప్పుడే పడనివ్వండి. ఇంట్లో ఎవరికైనా "కారు కింద ఉన్నా" అని చెప్పి వెళ్లండి.

నా ఉద్దేశంలో మొదటిసారి చేసేవాళ్లకు స్టాండ్ల కంటే ర్యాంపులే నయం. చక్రాలు ఎక్కించడమే, ఎత్తే చోటు వెతుక్కునే పని లేదు. ముందుభాగం పైకి ఉంటుంది కాబట్టి బోల్టు ఛాంబర్ వెనకవైపు ఉన్న బళ్లలో ఆయిల్ ఇంకా బాగా దిగుతుంది. ఎక్కించేటప్పుడు మాత్రం పక్కన నిలబడి దారి చూపే మనిషి ఉండాలి.

సగం మెకానిక్

ఒప్పుకుంటున్నా, తప్పు నాదే. అలవాటైపోయి రాయలేదు.

గ్యారేజీ మనిషి

అలవాటైపోవడమే నేను చెప్తున్న ప్రమాదం.

పద్దులు

డబ్బు మిగులుతుందన్న ఆశతో దిగకండి. స్టాండ్లు లేదా ర్యాంపులు, టార్క్ రెంచి, ఫిల్టరు రెంచి, పళ్లెం, గరాటు, చేతి తొడుగులు. ఇవన్నీ కొన్నాక మొదటిసారి లాభం మాట అటుంచి, చేతి సొమ్మే పోతుంది. ఇప్పటి కార్లకు చాలావరకు పదివేల కిలోమీటర్లకో, ఏడాదికో ఒకసారి మారిస్తే చాలంటారు. అంటే ఏడాదికి ఒక్క పని. ఆ సామాను విలువ తిరిగి రావడానికి ఎన్నేళ్లు పడుతుందో మీరే లెక్కేసుకోండి.

సగం మెకానిక్

లెక్క కరెక్టే. కానీ ఆయన అడిగింది లాభం గురించి కాదుగా? లోపల ఏ ఆయిల్ పోశారో తనకు తెలియాలి, అంతే. సీలు తీసింది తనే అయితే ఆ అనుమానం ఉండదు.

గ్యారేజీ మనిషి

దానికి కారు కింద దూరక్కర్లేదు. మీ డబ్బా మీరే తెచ్చుకోండి, ఎదురుగా నిలబడండి, ఖాళీ డబ్బా, పాత ఫిల్టరు చూపించమనండి. ఒప్పుకోని గ్యారేజీకి వెళ్లకండి.

డీజిల్ బండి

ఎవరు పోసినా సరే, ఏది పోయాలో మాట్లాడుకోరేం? మాన్యువల్లో ఆయిల్ చిక్కదనం 0డబ్ల్యూ20 అని ఉంటే "ఎండలు మండిపోతున్నాయి, కాస్త చిక్కంది పోద్దాం" అని 20డబ్ల్యూ50 పోసేవాళ్లను చూశా. డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఎంత తేలిగ్గా పారుతుందో చెప్తుంది, ఆ అక్షరం శీతాకాలానికే గుర్తు. తర్వాతి అంకె ఇంజిన్ వేడెక్కాక, 100 డిగ్రీల దగ్గర చిక్కదనం. లోపలి సందులు, ఆయిల్ పంపు దానికి సరిపడా చేసి ఉంటాయి. చిక్కదనం ఒక్కటే చూసినా చాలదు. పెట్రోల్ అయితే డబ్బా మీద ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) నాణ్యత గ్రేడు ఏముందో చూడాలి, అందులో ఎస్పీ అనేది 2020లో వచ్చింది. నాలాగా డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరు) ఉన్న డీజిల్ అయితే బూడిద తక్కువగా మిగిల్చే ఆయిలే వాడాలి. మామూలుది పోస్తే ఆ బూడిద డీపీఎఫ్‌లో పేరుకుంటుంది. మసిలాగా అది కాలిపోదు.

కొత్త పానా

అందరికీ థాంక్స్. నాది 5డబ్ల్యూ30, ఫిల్టరుతో కలిపి 3.5 లీటర్లని మాన్యువల్లో ఉంది. ఒక సందేహం. డిప్‌స్టిక్ గొట్టంలోంచి ఆయిల్ పైకి పీల్చే పంపులు ఉన్నాయట కదా. అది వాడితే కారు కింద పనే ఉండదు, అందరి గొడవా తీరిపోతుంది?

మూడో స్టాండు

నా ఓటు దానికే.

గ్యారేజీ మనిషి

మీ ఫిల్టరు ఎక్కడుంది? పైనుంచి అందేదైతే పంపు మంచి ఆలోచనే, కొన్ని బళ్లకు మేమూ వాడతాం. ఫిల్టరు కిందుంటే ఎలాగూ కిందకు దూరాలి, ఇంక పంపెందుకు? కొన్ని ఛాంబర్లలో గొట్టం అడుగుదాకా దిగదు, కొంత మిగిలిపోతుంది. బోల్టు విప్పితే ఇంకో లాభం ఉంది. కారిన ఆయిల్లో లోహపు తళుకులు ఉన్నాయా, బోల్టు చివర రజను అంటుకుందా అని కళ్లతో చూడొచ్చు. పంపుతో అది తెలియదు.

కొత్త పానా

ఫిల్టరు కిందే ఉంది. అయితే కిందకే వెళ్తా.

నీటి బొట్టు

పాత ఆయిల్ సంగతి ఒక్కరూ ఎత్తలేదు. కాలవలో పోస్తారా, మొక్కల మూలన పోస్తారా? ఒక్క కారులో ఒక్కసారి తీసిన పాత ఆయిల్ పది లక్షల గ్యాలన్ల మంచినీటిని పాడుచేయగలదని అమెరికా పర్యావరణ సంస్థ చెప్తుంది. చర్మానికీ మంచిది కాదు, అందులో క్యాన్సర్ కలిగించే పదార్థాలుంటాయి, తొడుగులు తప్పనిసరి. కొత్త ఆయిల్ వచ్చిన డబ్బాలోనే పాతది నింపి మూత బిగించి, పాత ఆయిల్ తీసుకునే చోట ఇవ్వండి. దాన్ని శుద్ధి చేసి మళ్లీ ఆయిల్‌గా మారుస్తారు. అందులో కూలెంట్, పెట్రోల్ లాంటివి కలిపితే మాత్రం ఎవరూ తీసుకోరు. ఇచ్చే చోటు ముందే చూసుకోకుండా బోల్టు విప్పొద్దు. మిగతా వాదనలో నేను ఎవరి పక్షమూ కాదు.

కొత్త పానా

ఆదివారం కబురు. ర్యాంపులెక్కించా. కింద ఉన్న ప్లాస్టిక్ కవరు తీయడానికే నలభై నిమిషాలు పట్టింది, రెండు క్లిప్పులు విరిగాయి. వీడియోల్లో ఆ కవరు ఎవరికీ లేదు! డ్రెయిన్ బోల్టు దొరికింది, గేర్‌బాక్స్‌ది కాదని మాన్యువల్ బొమ్మతో రెండుసార్లు పోల్చుకున్నా. తిప్పితే కదల్లేదు. వెల్లకిలా పడుకుంటే కుడి ఎడమలు తారుమారయ్యాయేమో అని అనుమానమొచ్చి మళ్లీ చూసుకున్నా, తిప్పేది సరైన వైపే. ఇంకొంచెం బలం పెడితే పానా జారి బోల్టు అంచు అరగడం మొదలైంది. ఆపేశా. ఆయిల్ చుక్క కూడా కారలేదు కాబట్టి బండి మామూలుగా నడిచే స్థితిలోనే ఉంది.

గ్యారేజీ మనిషి

ఆపారు చూడండి, అది మంచి పని. చాలామంది అక్కడే ఆపరు.

సగం మెకానిక్

ఆ బోల్టును అలా బిగించింది ఎవరో కూడా ఒకసారి అడగండి అన్నా.

కొత్త పానా

బుధవారం. ఇంకో గ్యారేజీకి తీసుకెళ్లా. పొడుగు రాడ్డు వేసి ఇద్దరు విప్పారు. లోపల చూస్తే ఒకటి కాదు, రెండు వాషర్లు. పాతది నలిగి అతుక్కుపోతే దాని మీదే ఇంకోటి వేసి, కారకుండా మొత్తం బలమంతా పెట్టి బిగించారన్నమాట. మర బాగానే ఉంది, అదృష్టం. కొత్త బోల్టు, కొత్త వాషరు నావే ఇచ్చా. నా ఎదురుగా టార్క్ రెంచితో బిగించారు. ఫిల్టరు విప్పడం, బిగించడం, ఆయిల్ పోయడం నన్ను చేయనిచ్చారు. పాత ఫిల్టరు రబ్బరు దాంతోనే ఊడొచ్చింది, ఇంజిన్ వైపు వేలితో తడిమి మరీ చూశా.

ముందు మూడు లీటర్లే పోశా. స్టార్ట్ చేస్తే ఆయిల్ లైటు రెండు మూడు సెకన్లు వెలిగి ఆరింది, ఆ రెండు సెకన్లు ఎంత టెన్షనో. ఆపి, పది నిమిషాలాగి డిప్‌స్టిక్ చూసి, కొంచెం కొంచెంగా పోసి పై గీతకు కాస్త కింద ఆపా.

గ్యారేజీ మనిషి

అంతే, గీత దాటించొద్దు. ఎక్కువైతే లోపల తిరిగే క్రాంక్ తగిలి ఆయిల్ నురగవుతుంది, నురగ బేరింగులను కాపాడదు. మొత్తానికి గ్యారేజీలోనే అయింది కదా, నా మాటే నెగ్గింది.

సగం మెకానిక్

రెండు వాషర్లు వేసింది కూడా గ్యారేజీలోనే కదా అన్నా.

పద్దులు

ర్యాంపులు కొన్నారు, గ్యారేజీకీ ఇచ్చారు. నా లెక్కే నెగ్గింది.

కొత్త పానా

కారు కింద అట్ట ముక్క పరిచి పడుకున్నా. పొద్దున్న చూస్తే రెండు చుక్కలు. గుండె ఆగినంత పనైంది.

గ్యారేజీ మనిషి

ఫిల్టరు విప్పినప్పుడు కారింది అంచుల్లో మిగిలి ఉంటుంది. ఫిల్టరు చుట్టూ, బోల్టు చుట్టూ గుడ్డతో శుభ్రంగా తుడవండి. పది నిమిషాలు ఇంజిన్ నడిపి, ఆపి, కొత్త అట్ట వేయండి. మళ్లీ పడితే అప్పుడు చూద్దాం. కంగారులో ఫిల్టరును ఇంకో చుట్టు బిగించకండి.

కొత్త పానా

తుడిచా, నడిపా. రెండు రాత్రులైంది, అట్ట పొడిగా ఉంది. డ్యాష్‌బోర్డు మీద "సర్వీసు చేయించండి" అన్న గుర్తు మాత్రం ఇంకా వెలుగుతూనే ఉంది. దాన్ని ఎలా ఆపాలో మాన్యువల్లో ఎక్కడుందో దొరకడం లేదు, ఎవరైనా చెప్తారా?