లిబర్టీ బెల్ తలుపు: గ్రిస్సమ్ చేయి తగిలిందా, తగల్లేదా?

పడవల రేవు:
నిన్న రాత్రి భోజనాల దగ్గర మొదలైన వాదనను ఇక్కడికి మోసుకొచ్చాను. 1961 జులై 21న అమెరికా వ్యోమగామి గస్ గ్రిస్సమ్ లిబర్టీ బెల్ 7 అనే చిన్న అంతరిక్ష క్యాప్సూల్‌లో పావుగంట పాటు అంతరిక్షం అంచు దాటి వచ్చి అట్లాంటిక్‌లో దిగాడు. హెలికాప్టర్ కొక్కెం తగిలించేలోపే క్యాప్సూల్ తలుపు పేలి ఊడిపోయింది. నీళ్లు లోపలికి దూకాయి. ఆయన ఈదుకుంటూ బయటపడ్డాడు, క్యాప్సూల్ మాత్రం మునిగిపోయింది. కంగారులో ఆయనే పేల్చుకున్నాడని మా బావ, దానంతటదే పేలిందని నేను. మీరేమంటారు?

నిక్కచ్చి నారాయణ:
మీ బావగారి పక్షమే నాది. ఆ తలుపుకు 70 బోల్టులు, వాటిని విరిచేందుకు చుట్టూ పేలుడు తీగ. లోపల ఉన్న ప్లంజరును, అంటే నొక్కుడు మీటను, కొడితే పేలుతుంది. గ్రిస్సమ్ ముందే దాని మూత తీసి సేఫ్టీ పిన్ను లాగేశాడు, ఈ సంగతి ఆయనే చెప్పాడు. పిన్ను లేకపోతే ఐదారు పౌండ్ల బలం చాలు, అంటే రెండున్నర కిలోల బియ్యం సంచి బరువు. తర్వాత ఇంజనీర్లు ఎన్ని విధాల పరీక్షించినా ఒక్కసారి కూడా దానంతటది పేలలేదు. మనిషి కాకపోతే దయ్యం పేల్చిందా?

పాత ఫిట్టరు:
నారాయణగారూ, ఆ ప్లంజరు మీరనుకున్నంత సాధువు కాదు. కొట్టిన చేతిని తిరిగి తంతుంది. 1962 ఫిబ్రవరిలో తోటి వ్యోమగామి జాన్ గ్లెన్ ఓడ డెక్కు మీద అలాంటి తలుపునే పేల్చితే, గ్లోవు ఉన్నా వేళ్ల కణుపులు చెక్కుకుపోయాయి. అదే ఏడాది అక్టోబరులో వాలీ షిర్రా కూడా ఓడ ఎక్కేదాకా లోపలే కూర్చుని, కావాలనే ప్లంజరు కొట్టి, చేతికైన దెబ్బ అందరికీ చూపించాడు. తోటివాడి మీద పడిన నింద తుడవడానికే ఆ పని చేశాడని నా నమ్మకం. గ్రిస్సమ్‌ను పరీక్షించిన వైద్యులకు అలాంటి గాయమేదీ కనిపించలేదు.

నేను ముప్పై ఏళ్లు బాయిలర్ల దగ్గర పని చేసినవాణ్ని. ఒకసారి వాల్వు చక్రం గిర్రున వెనక్కి తిరిగి అరచేతి మీద కొట్టింది. తోలు గ్లోవు వేసుకునే ఉన్నాను. అయినా వారం రోజులు అన్నం కలుపుకోలేకపోయాను, మా ఆవిడే ముద్దలు చేసి పెట్టింది. ఇనుము తిరగబడితే గుర్తు వదలకుండా పోదు.

నిక్కచ్చి నారాయణ:
అది చేత్తో కొట్టినప్పటి మాట. భుజమో మోచేయో తగిలి ఉంటే? అంత మందపాటి సూటు దెబ్బను మింగేయదా?

పాత ఫిట్టరు:
విచారణ సంఘం ఆ కోణమూ చూసింది. పొరపాటున తగిలే అవకాశం బహు స్వల్పమని తేల్చింది.

నిక్కచ్చి నారాయణ:
స్వల్పమంటే సున్నా కాదుగా!

చుక్కల లెక్క:
ఇద్దరూ లోపలి వైపే చూస్తున్నారు. బయటి నుంచి తెరవడానికి కూడా ఒక లాగుడు తాడు ఉండేది. అది జారి లాగుకుందని ఒక అనుమానం. ఆనాటి హెలికాప్టర్ పైలట్ జిమ్ లూయిస్ చాలా ఏళ్ల తర్వాత స్థిరవిద్యుత్తు వైపు మొగ్గాడు. గాలిలో తిరిగే హెలికాప్టర్‌కు విద్యుదావేశం పడుతుంది. క్యాప్సూల్ యాంటెన్నాను కత్తిరించడానికి హెలికాప్టర్ నుంచి చాచిన కట్టరు ముందుగా తాకేసరికి ఆ ఆవేశం కిందికి దూకి తలుపును పేల్చి ఉంటుందని ఆయన ఊహ. నాకు ఇదే సబబుగా తోస్తోంది, రుజువు లేకపోయినా. 1999లో కర్ట్ న్యూపోర్ట్ బృందం సుమారు ఐదు కిలోమీటర్ల లోతు నుంచి క్యాప్సూల్‌ను పైకి తీసింది. లోపల జ్ఞాపికలుగా పెట్టిన డైమ్ నాణేలు (అమెరికా పది సెంట్ల బిళ్లలు) దొరికాయి. తలుపు దొరకలేదు.

పడవల రేవు:
మా బావకు ఇవన్నీ చదివి వినిపించాను. "కంగారు పడేవాడికి 1965లో జెమినీ 3 అంతరిక్షయాత్ర అప్పగిస్తారా?" అని నేనడిగితే పెరుగన్నం మీద దృష్టి పెట్టాడు.

పాత ఫిట్టరు:
నన్ను బాధపెట్టేది వేరే తలుపు. 1967 జనవరి 27న అపోలో 1 అంతరిక్షనౌకలో, నేల మీదే, ప్రయోగానికి ముందటి రిహార్సల్ జరుగుతుండగా మంటలు లేచాయి. ఆ క్యాబిన్ నిండా ఆక్సిజనే. లోపలి తలుపు లోపలికే తెరుచుకునేది. పెరిగిన పీడనం దాన్ని బిగబట్టేసింది. గ్రిస్సమ్, వైట్, చాఫీ ముగ్గురూ పోయారు. ఆ తర్వాతే బయటికి, కొన్ని క్షణాల్లో తెరుచుకునే తలుపు పెట్టారు. ఒకసారి అక్కర్లేనప్పుడు ఊడిన తలుపు, మరోసారి కావలసినప్పుడు తెరుచుకోని తలుపు, రెండూ ఒకే మనిషికి.

నిక్కచ్చి నారాయణ:
దానికి నా దగ్గర జవాబు లేదు ఫిట్టరుగారూ. చేత్తో కొట్టలేదని ఒప్పుకుంటున్నాను. మోచేతి సంగతి మాత్రం వదలను.