పక్షవాతం తర్వాత చెయ్యి: ఎవరికి ఏది చేయించాలి, ఎన్నిసార్లు చేయించాలి?

కావలి ఫిజియో:
అందరికీ నమస్కారం. కావలి, బోగోలు, అల్లూరు పక్క ఇళ్ళకు వెళ్ళి ఫిజియోథెరపీ చేసేవాళ్ళకు రోజూ ఎదురయ్యే విషయం అడుగుతున్నాను. స్ట్రోక్ వచ్చి మూడు నుంచి ఆరు నెలలైన పేషెంట్లు, వయసు 60 నుంచి 75. కాలు కొంత కుదురుకుంది, కర్ర పట్టుకుని నడుస్తున్నారు. చెయ్యి మాత్రం రావట్లేదు. ఒక సెషన్‌లో చేతికి ఎన్ని రిపిటీషన్లు (ఒకే పని మళ్ళీ మళ్ళీ) చేయిస్తే అది చికిత్స అనిపించుకుంటుంది? మంచి చేతికి గ్లవ్ తొడిగి పడిపోయిన చేతితోనే పని చేయించే పద్ధతి (సీఐఎంటీ) ఈ వయసువాళ్ళకు ఇంట్లో కుదురుతుందా?

ఇంకొకటి. స్టెమ్ సెల్స్ ఎక్కిస్తే చెయ్యి వస్తుందని, ఛాతీలో బ్యాటరీ పెడితే వస్తుందని ఫోన్లలో వీడియోలు చూసి కొందరు పొలం అమ్మే ఆలోచన దాకా వెళ్తున్నారు. వాళ్ళకు ఏ ఆధారం చూపించి ఏం చెప్పాలి?

ఒంగోలు రిహాబ్:
ముందు వేళ్ళు చూడండి. చెయ్యి బల్ల మీద పెట్టించి వేళ్ళు చాపమనండి, తర్వాత భుజం పక్కకు ఎత్తమనండి. మొదటి వారంలో చూడగలిగితే ఈ రెండు కదలికలే చాలా చెప్పేస్తాయి. 2010లో నెదర్లాండ్స్‌లో వచ్చిన అధ్యయనంలో, రెండో రోజుకే వేళ్ళు కొద్దిగా చాపి, భుజం కొద్దిగా ఎత్తగలిగినవాళ్ళకు ఆరు నెలలకు చేతిలో ఎంతో కొంత పనితనం వచ్చే అవకాశం 98 శాతం. రెండూ లేనివాళ్ళకు 25 శాతం. మీ పేషెంట్లు ఆ దశ దాటారు. అయినా చికిత్స ఏదో తేల్చేది ఇప్పటికీ వేళ్ళు చాపడమే.

సీఐఎంటీకి పెద్ద ఆధారం 2006లో వచ్చిన ఎక్సైట్ ట్రయల్ (పేషెంట్లను గుంపులుగా పోల్చి చూసే పరీక్ష). 222 మంది, స్ట్రోక్ వచ్చి 3 నుంచి 9 నెలలైనవాళ్ళు, అంటే సరిగ్గా మీరు చెప్పే దశ. మెలకువగా ఉన్న సమయంలో 90 శాతం మంచి చేతికి మిట్ (వేళ్ళు విడిగా లేని గ్లవ్) తొడిగి రెండు వారాలు సాధన చేయించారు. చేతి పని మెరుగుపడింది, ఏడాది తర్వాత కూడా నిలిచింది. కానీ అందులోకి ఎవరిని తీసుకున్నారో చూడాలి. మణికట్టు కనీసం 10 డిగ్రీలు పైకి లేవాలి, బొటనవేలు 10 డిగ్రీలు తెరుచుకోవాలి, ఇంకో రెండు వేళ్ళైనా 10 డిగ్రీలు చాపాలి. పిడికిలి బిగుసుకుని అస్సలు తెరుచుకోని చేతికి ఇదే పద్ధతి పెడితే జరిగేదొక్కటే: మనిషి రోజంతా ఏ పనీ చేసుకోలేక ఏడుస్తాడు, మూడో రోజు గ్లవ్ తీసి పారేస్తాడు.

ఆ ట్రయల్‌లోలా ఇంట్లో రోజుకు ఆరు గంటల దాకా శిక్షణ ఎవరివల్లా కాదు. దానికి తగ్గించిన రూపం ఉంది: వారంలో ఐదు రోజులు, రోజుకు ఐదు గంటలు మిట్, వారానికి మూడుసార్లు అరగంట చొప్పున థెరపీ, ఇలా పది వారాలు. మన పక్క నడిచేది ఇదే. ఆ ఐదు గంటలు పొద్దున్నే పెట్టండి, ఎండాకాలంలో మధ్యాహ్నం కాటన్ గ్లవ్‌లో కూడా చెయ్యి పాసిపోతుంది. కర్ర మంచి చేతిలోనే ఉంటుంది కాబట్టి నడిచేటప్పుడు, మెట్ల దగ్గర, స్నానానికి, బాత్రూమ్‌కు మిట్ తీసేయాల్సిందే. ఇది రాసి గోడకు అతికించండి. లేకపోతే మిట్‌తోనే కర్ర పట్టుకుని జారిపడతారు.

ఇక లెక్క. మామూలు థెరపీ సెషన్లను గమనించి లెక్కపెడితే చేతితో చేయించిన పనులు సగటున 32 సార్లే వచ్చాయి (2009, అమెరికా, కెనడా). జంతువులపై ప్రయోగాల్లో మెదడులో మార్పు కనిపించింది వందల్లో చేయించినప్పుడు. గంట సెషన్‌లో మూడు పనులు, ఒక్కోటి వంద చొప్పున 300 చేయించడం మనుషుల్లోనూ సాధ్యమేనని తర్వాత తేలింది. అయితే 2016లో 85 మంది పాత స్ట్రోక్ పేషెంట్లకు మొత్తం 3,200, 6,400, 9,600 ఇలా వేర్వేరు మోతాదులిచ్చి చూస్తే, ఎక్కువ చేసినవాళ్ళకు ఎక్కువ మెరుగుదల రాలేదు. కాబట్టి అంకె మీద మోజు వద్దు. 30 మరీ తక్కువ. 200–300 మంచి గురి. అది దాటాక లెక్క పెంచడం కన్నా పనిని కష్టం చేయడం మేలు.

పనులు వాళ్ళ బతుకులోంచే తీయండి. ఐదు రూపాయల బిళ్ళలు బల్ల అంచుకు లాగి డబ్బాలో వేయడం, వేరుశనక్కాయలు ఒక పళ్ళెంలోంచి ఇంకో పళ్ళెంలోకి మార్చడం, సగం నీళ్ళున్న స్టీలు గ్లాసు ఎత్తి పక్కన పెట్టడం. జువ్వలదిన్నె పక్క చేపలు పట్టేవాళ్ళైతే వల తాడు లాగడం, ముడి విప్పడం. వంద సార్లు ఇరవై నిమిషాల్లోపే తేలిగ్గా అయిపోతే బిళ్ళ చిన్నది చేయండి, డబ్బా ఎత్తుగా పెట్టండి. చెయ్యి చాచడానికి బదులు నడుము వంచి ముందుకు వాలుతుంటే ఆ రిపిటీషన్ లెక్కలోకి రాదు. ఛాతీ చుట్టూ తువ్వాలు వేసి కుర్చీ వీపుకు వదులుగా కట్టండి, మోచెయ్యి తప్పనిసరిగా చాపుతారు. భుజం చెవివైపు లేస్తోందంటే అలిసిపోయినట్టు, రెండు నిమిషాలు ఆపండి.

ట్రయల్ డెస్క్, నెల్లూరు:
స్టెమ్ సెల్స్ గురించి ఇంట్లోవాళ్ళకు చెప్పడానికి మన దేశపు ట్రయలే ఉంది. ఐదు కేంద్రాల్లో 120 మంది, ఇస్కీమిక్ స్ట్రోక్ (మెదడు రక్తనాళం మూసుకుపోయి వచ్చేది) వచ్చి 7 నుంచి 30 రోజులైనవాళ్ళు. సొంత ఎముక మజ్జ కణాలనే తీసి నరం ద్వారా ఎక్కించారు. ప్రమాదం పెద్దగా లేదు, ప్రయోజనమూ లేదు: ఆరు నెలలకు ఎక్కించినవాళ్ళకూ ఎక్కించనివాళ్ళకూ తేడా రాలేదు (2014). ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు రక్తానికి సంబంధించిన కొన్ని జబ్బుల మజ్జ మార్పిడిని తప్ప, మిగతా అన్నిటికీ స్టెమ్ సెల్స్‌ను ట్రయల్‌లో మాత్రమే ఇవ్వాలంటాయి. స్ట్రోక్‌కు డబ్బు కట్టించుకుని "చికిత్స"గా అమ్మడం ఆ మార్గదర్శకాలకు విరుద్ధం.

ఎవరైనా "మాది ట్రయల్" అంటే సీటీఆర్ఐ (మన దేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ) నంబరు అడగమనండి. అది సీటీఆర్ఐ, సంవత్సరం, నెల, ఆరంకెల సంఖ్య, ఈ వరసలో ఉంటుంది. ఆ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా వెతుక్కోవచ్చు. పేజీ తెరిచాక నాలుగు చోట్ల ఆగండి: ఎథిక్స్ కమిటీ ఆమోదం వచ్చిందా, డీసీజీఐ (కేంద్ర ఔషధ నియంత్రణాధికారి) అనుమతి గడిలో ఏముంది, ఎవరిని చేర్చుకుంటారు (వయసు, స్ట్రోక్ వచ్చి ఎన్నాళ్ళు), చేర్చుకోవడం ఇంకా నడుస్తోందా. ఇక్కడే చాలామంది మోసపోతారు: రిజిస్ట్రీలో నమోదైనంత మాత్రాన ప్రభుత్వం ఒప్పుకున్నట్టు కాదు. నంబరు బోర్డు మీద వేసుకుని డబ్బు అడిగితే ఇక మాట్లాడాల్సిన పని లేదు. పరీక్షిస్తున్న మందుకు పేషెంటు డబ్బు కట్టడమేమిటి? 2019 కొత్త మందుల, క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం ఉచితంగా చేయించాలి, నష్టపరిహారం ఇవ్వాలి. సమ్మతి పత్రం పేషెంటుకు అర్థమయ్యే భాషలో ఉండాలి, దాని ప్రతి ఇంటికివ్వాలి. చదవడం రాకపోతే ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి ముందు చదివి వినిపించాలి. స్ట్రోక్‌తో మాట పోయినవాళ్ళ విషయంలో ఇది మరీ ముఖ్యం. తల ఊపారని వేలిముద్ర వేయించేస్తే అది సమ్మతి కాదు.

బ్యాటరీ సంగతి వేరు, అది ఉత్తుత్తిది కాదు. మెడ దగ్గరి వేగస్ నరానికి తీగ చుట్టి, ఛాతీ చర్మం కింద పరికరం పెడతారు. 2021లో 108 మందితో ట్రయల్ ఫలితాలొచ్చాయి, అదే ఏడాది అమెరికా మందుల, పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతిచ్చింది. అందరికీ ఆపరేషన్ చేశారు, సగం మందికే అసలు కరెంటిచ్చారు. మూడు నెలల తర్వాత గుర్తించదగ్గ మెరుగుదల 47 శాతం మందికి, ఉత్తుత్తి కరెంటు గుంపులో 24 శాతం మందికి. అయితే వాళ్ళంతా ఇస్కీమిక్ స్ట్రోక్ వచ్చి కనీసం తొమ్మిది నెలలైనవాళ్ళు, చెయ్యి కొంతైనా కదిలేవాళ్ళు. పైగా ఆ అర సెకను కరెంటు ఒక్కో కదలికతో పాటు ఇస్తారు, ఆరు వారాలు, వారానికి మూడు సెషన్లు, సెషన్‌కు 300కు పైగా కదలికలు. అంటే పరికరం పెట్టించుకున్నా ఒంగోలు సార్ చెప్పిన బిళ్ళల పని తప్పదు. మీ మూడు నెలల పేషెంటుకు ఇప్పుడు అది వర్తించదు.

రోబో గురించి కూడా అడుగుతారు. బ్రిటన్‌లో 770 మందితో చేసిన రాటల్స్ ట్రయల్‌లో (2019) రోబో శిక్షణ మామూలు వైద్యం కన్నా చేతి పనిని మెరుగుపరచలేదు.

వృద్ధుల వైద్యం:
మందుల మాట ఎవరూ ఎత్తలేదు. "నరాల మందు" అని ఫ్లూఆక్సెటిన్ 20 మి.గ్రా. నెలల తరబడి మింగేవాళ్ళు ఇంకా కనిపిస్తున్నారు. 2011లో 118 మందితో వచ్చిన ఫ్లేమ్ ట్రయల్ ఆశ పుట్టించింది నిజమే. తర్వాత 3,127 మందితో ఫోకస్ ట్రయల్ (2019) చేస్తే కోలుకోవడంలో తేడా లేదు, ఎముకలు విరగడం మాత్రం 1.47 నుంచి 2.88 శాతానికి పెరిగింది. డిప్రెషన్ ఉంటే ఆ మందు వేరే లెక్క, అది డాక్టర్ చూసి ఇచ్చేదే, సొంతంగా ఆపొద్దు. చెయ్యి రావడానికని మాత్రం వద్దు.

ఈ వయసులో కండ కూడా కరుగుతుంది, అది మరిచి చేతి మీదే కూర్చుంటే నాలుగో నెలలో తుంటి విరుగుతుంది. చేతులు కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవడానికి 15 సెకన్లు దాటితే కాళ్ళ బలం చాలనట్టే, చేతి సెషన్‌కు ముందు అదే వ్యాయామంగా పెట్టండి. ప్రొటీన్ కిలో బరువుకు 1 నుంచి 1.2 గ్రాములు, 60 కిలోల మనిషికి 60–72 గ్రాములు. గుడ్డులో 6, వంద గ్రాముల చేపలో సుమారు 20. మెత్తటి అన్నం, చారు పెట్టి "బాగా తింటున్నాడు" అంటే లెక్క కుదరదు. కనిగిరి, పీసీపల్లి వైపు కిడ్నీ జబ్బు ఎక్కువ కాబట్టి క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష) చూడకుండా ప్రొటీన్ పెంచకండి. ఎండు చేపలు, ఊరగాయ మాత్రం తగ్గించాల్సిందే, బీపీ మళ్ళీ లేస్తే చేసిందంతా పోతుంది. సెషన్ ముందు బీపీ 180/110 దాటితే ఆ రోజు వ్యాయామం ఆపి డాక్టర్‌కు ఫోన్ చేయండి.

కావలి ఫిజియో:
చాలా ఉపయోగం, థాంక్స్ సార్. రెండు సందేహాలు. వేళ్ళు అస్సలు తెరుచుకోనివాళ్ళకు ఏం చేయాలి? ఇంట్లోవాళ్ళకే నేర్పించి వదిలేస్తే సరిపోతుందా? కొన్నిళ్ళలో దూలానికి గిలక తాడు కట్టి చెయ్యి పైకి లాగిస్తున్నారు, భుజం నొప్పి అంటున్నారు.

ఒంగోలు రిహాబ్:
గిలక ఈరోజే విప్పించండి. కండ పట్టులేని భుజంలో రెక్క ఎముక తిరగకుండా చెయ్యి ఒక్కటే పైకి పోతే కీలు మధ్య కండరం నలుగుతుంది. ఇంట్లోవాళ్ళు చెయ్యి కదిలించేటప్పుడు 90 డిగ్రీలు దాటొద్దు, బొటనవేలు పైకి ఉండాలి. లేపేటప్పుడు ఆ చెయ్యి పట్టి లాగొద్దు, చంక కింద చెయ్యి వేయొద్దు, నడుముకు తువ్వాలు కట్టి దాన్ని పట్టుకోవాలి. కూర్చున్నప్పుడు ఒళ్ళో దిండు మీద ముంజేయి, నిలబడినప్పుడే స్లింగ్ (మెడకు వేసే చేతి పట్టీ). అరచెయ్యి వాచి, వేడిగా, మెరుస్తూ, వేళ్ళ కణుపులు నొక్కితే అరుస్తుంటే అది వేరే సమస్య, ఆ వారంలోనే డాక్టర్‌కు చూపించాలి.

తెరుచుకోని వేళ్ళకు అద్దం, కరెంటు (ఫిజియోథెరపీలో కండను కదిలించే మెషిన్‌తో ఇచ్చేది). అద్దం నిలువుగా ఒళ్ళో మధ్యన, పడిపోయిన చెయ్యి వెనక, మంచి చెయ్యి ముందు కదిలిస్తూ అద్దంలోకి చూడాలి, రోజుకు అరగంట, వారానికి ఐదు రోజులు, నాలుగు వారాలు. గాజులు, ఉంగరం, వాచీ తీసేయండి, లేకపోతే అద్దంలోది పడిపోయిన తన చెయ్యే అనిపించదు. కరెంటు ముంజేయి వెనక కండకు: 35–50 హెర్ట్జ్, 250–300 మైక్రోసెకన్లు, పది సెకన్లు ఇచ్చి ఇరవై సెకన్లు ఆపి, అరగంట. కరెంటు వచ్చినప్పుడల్లా తనూ చాపడానికి ప్రయత్నించాలి, ఊరికే టీవీ చూస్తూ కూర్చుంటే సగం వృథా. పేస్‌మేకర్ ఉంటే వద్దు. స్పర్శ లేనివాళ్ళకు కరెంటు ప్యాడ్ కింది తడి స్పాంజి ఆరిపోతే చర్మం కాలుతుంది, ఐదు నిమిషాలకోసారి చూడండి. పిడికిలి బిగుతు ఎక్కువైతే బొటులినమ్ ఇంజెక్షన్ మూడు నాలుగు నెలలు వదులు చేస్తుంది. ఆ వదులులో స్ప్లింట్ (వేళ్ళు చాపి ఉంచే పట్టీ), సాధన పెట్టకపోతే డబ్బు దండగ.

ఇంట్లోవాళ్ళ విషయం: మన దేశంలోనే 14 కేంద్రాల్లో 1,250 మందితో అటెండ్ ట్రయల్ జరిగింది (2017). ఆసుపత్రిలో కుటుంబానికి నేర్పించి, ఇంటికి కొన్నిసార్లు వెళ్ళి చూశారు. ఆరు నెలలకు మరణమో, ఇంకొకరి మీద ఆధారపడటమో నేర్పించిన గుంపులోనూ, నేర్పించని గుంపులోనూ 47 శాతమే. ఇంట్లోవాళ్ళు చేసేది వృథా అని నేననను. నేర్పించి వదిలేస్తే చాలదు. వారానికోసారైనా వెళ్ళి లెక్క పుస్తకం చూడండి, ఆ వారం పనిని ఒక మెట్టు కష్టం చేసి రండి.