అప్‌డేట్: గ్రానైట్ రాయి సాంద్రత 2 దగ్గరే ఎందుకు ఆగిందో తెలిసింది

తొమ్మిదో తరగతి చదివే మా పాప ప్రాజెక్టులో గ్రానైట్ ముక్క సాంద్రత 2 దాటట్లేదని పోయిన వారం అడిగాను కదా. నల్గొండలో గుట్ట కింద ఏరుకొచ్చిన రాయి, బరువు 270 గ్రాములు. రావాల్సింది మిల్లీలీటరుకు 2.6, 2.7 గ్రాముల మధ్య. తప్పు దొరికింది, జవాబిచ్చిన వాళ్లందరికీ థ్యాంక్స్.

తూకం సరిగ్గానే ఉంది, కిరాణా కొట్టు కాంటా మీదా అంతే వచ్చింది. తప్పంతా మా గిన్నెది. రాయి వేస్తే పళ్లెంలోకి పొర్లే నీళ్లను కొలిచి, అదే రాయి ఘనపరిమాణం అనుకున్నాం. వెడల్పాటి గిన్నెలో నిండా నీళ్లు పోస్తే అంచు పైన ఉబ్బి నిలబడతాయి. రాయి వేయగానే ఆ ఉబ్బు కూడా పళ్లెంలోకి జారేది. 102 మిల్లీలీటర్లు రావాల్సిన చోట 135 వచ్చేవి.

జవాబుల్లో వచ్చిన దారం ఐడియా, అంటే రాయిని నీళ్లలో వేలాడదీసి తూచడం, పనిచేసింది. నీళ్ల గిన్నెను డిజిటల్ కాంటా మీద పెట్టి సున్నా చేశాం. రాయిని దారంతో వేలాడదీసి, అడుగు తగలకుండా పూర్తిగా ముంచాం. కాంటా 102 గ్రాములు చూపించింది. రాయి పక్కకు నెట్టిన నీళ్ల బరువు అది. మిల్లీలీటరు నీళ్లు ఒక గ్రాము కాబట్టి రాయి ఘనపరిమాణం 102 మిల్లీలీటర్లు. 270ని 102తో భాగిస్తే 2.65! మొదటిసారి చెయ్యి జారి రాయి అడుక్కి తగిలితే అంకె 200 దాటింది, పాప ఒకటే నవ్వు.

బోరు నీళ్లలో ఫ్లోరైడ్ వల్లేమో అన్నారొకరు. మన దగ్గర ఆ అనుమానం సహజమే గానీ, లీటరుకు మిల్లీగ్రాముల్లో ఉండేదానితో ఈ లెక్క కదలదు. నీళ్ల వేడికీ సంబంధం లేదు.